కౌలాలంపూర్ టికెట్ కొనే ముందు

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా వెళ్లే విమానంలో ప్రయాణం నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూ. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు బస్సులో రావడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. పైగా 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులు 30 రోజుల దాకా వీసా లేకుండా వచ్చి ఉండవచ్చని మలేషియా ప్రకటించింది. ఆ సడలింపును తర్వాత 2026 చివరిదాకా పొడిగించింది. దేశం దగ్గర, వీసా ఖర్చు లేదు, ఇడ్లీ దోసెలు వీధి వీధినా దొరుకుతాయి. మొదటిసారి పాస్‌పోర్టు చేతికొచ్చిన మధ్యతరగతి కుటుంబం మలేషియా వైపు చూడటంలో ఆశ్చర్యం లేదు. ఇక మిగిలిన పెద్ద ఖర్చు విమాన టికెట్టే. నలుగురున్న ఇంట్లో ఒక్కో టికెట్టు మీద నాలుగైదు వేలు మిగిలినా, అక్కడ రెండు మూడు రోజుల గది అద్దె వచ్చేసినట్టే.

ఈ అధ్యాయంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. తెర మీద కనిపించే అంకెను ధర అనుకోకండి. మీ ఇంటికి తాళం వేసినప్పటి నుంచి కౌలాలంపూర్‌లో గది తాళం చేతికొచ్చేదాకా, తిరిగి వచ్చి ఇంటి తాళం తీసేదాకా అయ్యే మొత్తమే అసలు ధర. తక్కువ ధర టికెట్టు కొన్నామనుకుని చివరికి ఎక్కువ ఖర్చు పెట్టినవాళ్లలో చాలామంది ఈ మొత్తాన్ని కాగితం మీద వేసుకోనివాళ్లే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మీరు వెతికే రోజున ధరలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. విజయవాడలో ఉండే ఒకరికి చెన్నై నుంచి చవక విమాన సంస్థలో రానుపోను 14,000 రూపాయలకు టికెట్టు కనిపించింది. హైదరాబాద్ నుంచి భోజనం, సామాను కలిపి ఇచ్చే సంస్థలో 20,500. చూడగానే చెన్నై టికెట్టు 6,500 తక్కువ. ఇప్పుడు కలుపుకుంటూ పోదాం. చెన్నై టికెట్టుకు 20 కిలోల బ్యాగు వైపుకు 2,500 చొప్పున 5,000. విమానంలో తిండి రెండు వైపులా 1,000. కోరుకున్న సీటుకు 800. డబ్బు కట్టేటప్పుడు పడే కన్వీనియన్స్ ఫీజు 700. చెన్నైకి బస్సు రానుపోను 2,400. తెల్లవారుజాము విమానం కాబట్టి ఒక రాత్రి చిన్న గదికి 1,500. మొత్తం 25,400. హైదరాబాద్ టికెట్టుకు బస్సు రానుపోను, విమానాశ్రయానికి వెళ్లిరావడం కలిపి ఒక 1,900 వేసుకుంటే 22,400 దగ్గర ఆగుతుంది. చవకగా కనిపించినదే మూడు వేలు ఎక్కువ తేలింది.

అలాగని చవక విమానం మోసమేమీ కాదు. అదే మనిషి ఒంటరిగా, వీపు మీద ఏడు కిలోల సంచితో, ఇంట్లో తిని బయల్దేరితే చెన్నై లెక్క 18,600కే ముగుస్తుంది. అప్పుడు హైదరాబాద్ టికెట్టు ఖరీదైనది. అంటే ఏ టికెట్టు చవక అన్నది మీరెవరు, ఎంత సామానుతో, ఏ ఊరి నుంచి వెళ్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పక్కింటివాళ్లకు గిట్టుబాటైన టికెట్టు మీకు గిట్టుబాటు కాకపోవచ్చు. అందుకే ఎవరి లెక్క వాళ్లే వేసుకోవాలి.

ఈ చవక విమానాల కథలో కౌలాలంపూర్‌ది పెద్ద పాత్ర. 2001లో మలేషియా వ్యాపారి టోనీ ఫెర్నాండెస్, ఆయన భాగస్వాములు అప్పుల్లో ఉన్న అక్కడి విమాన సంస్థ ఎయిర్ ఏషియాను ఆ అప్పులతో సహా ఒక్క మలేషియా రింగిట్‌కు కొన్నారు. టికెట్టు అంటే సీటు మాత్రమే, మిగతావన్నీ విడిగా కొనుక్కోవాలన్న పద్ధతిని ఆగ్నేయాసియా అంతటా వ్యాపింపజేసిన సంస్థల్లో అది ముందు వరుసలో ఉంది. అందులో చేతిలో తీసుకెళ్లే సామాను రెండు సంచులు కలిపి ఏడు కిలోలే. ఏడు కిలోలంటే ఎంతో ఇంట్లోనే తూచి చూడండి. ఖాళీ ట్రాలీ బ్యాగే రెండున్నర, మూడు కిలోలు ఉంటుంది. ల్యాప్‌టాప్, ఛార్జర్ పెడితే బట్టలకు మిగిలేది తక్కువ. కౌంటర్ దగ్గర బరువు పెరిగిందని తేలితే అక్కడ కట్టాల్సింది ముందుగా కొన్న దానికంటే చాలా ఎక్కువ. కాబట్టి సామాను కావాలో వద్దో టికెట్టు కొనే రోజే తేల్చుకోండి. నలుగురు వెళ్తుంటే నాలుగు బ్యాగులు అక్కర్లేదు. ఇద్దరి పేరు మీద బ్యాగులు కొంటే నలుగురి బట్టలూ పడతాయి. తిరుగు ప్రయాణంలో చాక్లెట్లు, బట్టలు తెచ్చుకుంటారు కాబట్టి వెళ్లేటప్పుడు ఒక బ్యాగు, వచ్చేటప్పుడు రెండు కొన్నా సరిపోతుంది. రెండు వైపులా ఒకేలా కొనాలన్న నియమం లేదు.

ఇక ఏ ఊరి నుంచి ఎక్కాలి? హైదరాబాద్ నుంచి మలేషియా ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఏషియా నేరుగా నడిపే సర్వీసులు ఉన్నాయి కాబట్టి తెలంగాణవాళ్లు ముందు చూడాల్సింది శంషాబాదే. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్లకు చెన్నై దగ్గర. కౌలాలంపూర్‌కు చెన్నై నుంచి సర్వీసులు ఎక్కువ, పోటీ ఎక్కువ, అందుకే ధరలూ తరచు దిగుతుంటాయి. అనంతపురం, మదనపల్లె వైపు వాళ్లు బెంగళూరును కూడా చూడాలి. చాలామందికి తట్టని ఊరు తిరుచిరాపల్లి. తమిళనాడు నుంచి మలేషియాకు తరతరాల రాకపోకలు ఉన్నందువల్ల ఆ చిన్న విమానాశ్రయం నుంచి కౌలాలంపూర్‌కు సర్వీసులు మెండు. శ్రీరంగం చూసుకుని అటు నుంచి అటే విమానం ఎక్కేవాళ్లకు అది బాగా కలిసొస్తుంది. విశాఖ నుంచి కౌలాలంపూర్‌కు ఎయిర్ ఏషియా సర్వీసు 2024 ఏప్రిల్‌లో మళ్లీ మొదలైంది. అయితే చిన్న విమానాశ్రయాల విదేశీ సర్వీసులు ఒక సీజన్‌లో ఉంటాయి, మరో సీజన్‌లో ఆగుతాయి. ఉత్తరాంధ్రవాళ్లు మీరు వెళ్లే నెలలో అది నడుస్తోందో లేదో విమాన సంస్థ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి. పాత వార్త చదివి పథకం వేసుకోవద్దు.

తారీఖుల విషయం దీనికంటే ముఖ్యం, నా అనుభవంలో ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే. సెలవు పెట్టి, తారీఖు ఖాయం చేసుకుని, ఆ తర్వాత టికెట్టు వెతికేవాళ్లు విమాన సంస్థ అడిగినంత ఇవ్వాల్సిందే. ముందుగా నెల మొత్తం ధరలు చూసి, తక్కువున్న రోజులను బట్టి సెలవు అడిగేవాళ్లకు బేరం చేతిలో ఉంటుంది. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా మన పిల్లల వేసవి సెలవులు. దసరా, డిసెంబర్ చివరి పది రోజులు, సంక్రాంతి కూడా అంతే. ఈ రోజుల్లో మన వైపు నుంచి గిరాకీ ఉంటుంది. అటువైపు గిరాకీని మనవాళ్లు సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. చైనీస్ నూతన సంవత్సరం, హరి రాయా పండుగ, దీపావళి, మలేషియా బడి సెలవులు వచ్చినప్పుడు అక్కడి జనమూ కదులుతారు. చైనీస్ నూతన సంవత్సరం జనవరి చివరలోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. మనం రంజాన్ అని పిలుచుకునే పండుగే అక్కడి హరి రాయా, అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఆ వారాల్లో విమానమే కాదు, కౌలాలంపూర్ నుంచి పినాంగ్‌కు బస్సు, అక్కడ హోటల్ అన్నీ బిగుస్తాయి.

దీపావళి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మలేషియాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో అది సెలవు రోజు. అక్కడి భారతీయ కుటుంబాలు పండుగకు ముందు బట్టలు, నగలు కొనడానికి చెన్నైకి వస్తాయి. వాళ్లలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. బ్రిటిష్ కాలంలో రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి సముద్రం దాటి వెళ్లినవాళ్ల వారసులు వాళ్లు. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతుక్ ప్రాంతంలో ఇప్పటికీ తెలుగు ఇళ్లున్నాయి. వాళ్ల ముత్తాతలు ఓడలో రోజుల తరబడి ప్రయాణించిన దూరాన్ని మనం ఒక పూటలో దాటుతున్నాం. బంధువుల కోసం వెళ్లేవాళ్లు పండుగకు రెండు వారాల ముందు కాకుండా పండుగ రోజుల్లోనే వెళ్లి, జనం తిరుగు ప్రయాణాలు ముగిశాక వచ్చేలా చూసుకుంటే మంచి ధరకు దొరికే అవకాశం ఎక్కువ.

బడి పిల్లలు లేని ఇళ్లకు నా సలహా జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా ఉన్న నెలలు. మన బళ్లు తెరిచాక గిరాకీ ఒక్కసారిగా తగ్గుతుంది. కానీ అక్కడి వానలను కూడా చూసుకోండి. కౌలాలంపూర్‌లో ఏడాది పొడవునా ఏదో ఒక సాయంత్రం వాన పడుతూనే ఉంటుంది, దానికి గొడుగు చాలు. తూర్పు తీరంలోని పెర్హెన్షియన్, రెడాంగ్ దీవులు అలా కాదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల వల్ల సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, పడవలు ఆగుతాయి, చాలా రిసార్టులు మూసేస్తారు. ఆ దీవుల కోసం నవంబర్‌లో ఎంత చవకగా టికెట్టు దొరికినా అది డబ్బు దండగే. అదే డిసెంబర్, జనవరి నెలల్లో పశ్చిమాన ఉన్న లంకావిలో వాతావరణం పొడిగా, హాయిగా ఉంటుంది.

ఉదయం చూసిన ధర సాయంత్రానికి ఎందుకు మారుతుందో తెలిస్తే అనవసరమైన భయం పోతుంది. పాత సినిమా హాల్లో నేల, బెంచీ, బాల్కనీ అని వేర్వేరు ధరలుండేవి. విమానంలో ఒకే రకం సీటుకు అలాంటి ధరలు పది పన్నెండు ఉంటాయి. 180 సీట్ల విమానంలో మొదటి కొన్ని సీట్లను అతి తక్కువ ధరకు, ఆ తర్వాతి కొన్నింటిని కాస్త ఎక్కువకు, అలా మెట్లు మెట్లుగా పెడతారు. కింది మెట్టు సీట్లు అయిపోగానే ధర పై మెట్టుకు ఎక్కుతుంది. గిరాకీ లేదనిపిస్తే మళ్లీ కింది మెట్టును తెరుస్తారు. 1980ల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కంప్యూటర్ల సాయంతో పెద్ద ఎత్తున చేసిన ఈ పద్ధతిని ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తోంది.

దీన్నుంచి కుటుంబాలకు పనికొచ్చే ఒక కిటుకు ఉంది. నలుగురికి కలిపి వెతికినప్పుడు కింది మెట్టులో మూడు సీట్లే మిగిలి ఉంటే, సాధారణంగా నలుగురికీ పై మెట్టు ధరే చూపిస్తుంది. అందుకని ముందు ఒక్కరికి వెతకండి, తర్వాత ఇద్దరికి, ఆ తర్వాత నలుగురికి. ఒక్కొక్కరి ధర ఎక్కడ పెరుగుతోందో కనిపిస్తుంది. తేడా ఎక్కువుంటే ఇద్దరిద్దరుగా రెండు బుకింగులు చేసుకోవచ్చు. అప్పుడు ప్రతి బుకింగులో ఒక పెద్ద మనిషి, ఒక పిల్లవాడు ఉండేలా చూసుకోండి. ఒక బుకింగులో విమానం మారినా, రద్దయినా రెండోది దానంతట అది మారదన్న సంగతి గుర్తుంచుకోండి. రెండేళ్లు నిండని పసిబిడ్డకు ఒళ్లో కూర్చోబెట్టుకునే ధర వర్తిస్తుంది. ప్రయాణం మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సి ఉంటుంది.

బ్రౌజర్‌లో చరిత్ర చెరిపేసి వెతికితే ధర తగ్గుతుందనీ, మంగళవారం అర్ధరాత్రి కొంటే చవక అనీ చాలామంది నమ్ముతారు. వాటి మీద మీ సమయం పెట్టకండి. మీరు వెతికినందువల్ల కాదు, సీట్లు అమ్ముడైనందువల్లే ధర మారుతోంది. ఏ రోజు కొంటున్నారన్న దానికంటే ఏ రోజు ఎగురుతున్నారన్నదే ధరను నిర్ణయిస్తుంది. శుక్రవారం రాత్రి వెళ్లి ఆదివారం రాత్రి తిరిగొచ్చే ప్రయాణం కంటే మంగళ, బుధవారాల్లో వెళ్లొచ్చేది తక్కువకు దొరకడం మామూలు.

వెతకడానికి రెండు పనిముట్లు చాలు. గూగుల్ ఫ్లైట్స్‌లో తారీఖు గడి నొక్కితే రెండు నెలల ధరలు క్యాలెండర్ మీద కనిపిస్తాయి. బయల్దేరే ఊరి దగ్గర హైదరాబాద్, చెన్నై, బెంగళూరు మూడింటినీ ఒకేసారి పెట్టవచ్చు. అక్కడే ధర మీద నిఘా పెట్టమని చెబితే మార్పు వచ్చినప్పుడు మెయిల్ వస్తుంది. స్కైస్కానర్‌లో తారీఖుకు బదులు నెల మొత్తాన్ని ఎంచుకోవచ్చు. ఈ రెండూ దారి చూపేవి మాత్రమే. అక్కడ కనిపించిన ధరను విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లో మళ్లీ చూడాలి. చవక సంస్థల తగ్గింపు అమ్మకాలు కొన్నిసార్లు వాళ్ల సొంత యాప్‌లోనే ముందుగా కనిపిస్తాయి. ఆ అమ్మకాలు సాధారణంగా చాలా నెలల తర్వాతి ప్రయాణాలకు ఉంటాయి, కింది మెట్టు సీట్లు గంటల్లో అయిపోతాయి. ఇంట్లో అందరి పాస్‌పోర్టులు సిద్ధంగా, ఎవరెవరికి ఎప్పుడు సెలవు దొరుకుతుందో ముందే తెలిసి ఉంటేనే వాటిని అందుకోగలరు. మామూలు రోజులకైతే మూడు నెలల ముందు నుంచి నిఘా పెట్టి, నెలన్నర ముందుకల్లా కొనేయమంటాను. పండుగ, వేసవి ప్రయాణాలకు ఐదారు నెలల ముందు చూడాలి. చివరి వారంలో ధరలు పడతాయన్న ఆశతో కుటుంబ ప్రయాణాన్ని ఆపుకోకండి.

చవక సంస్థలు వెళ్లే టికెట్టుకు, వచ్చే టికెట్టుకు విడివిడిగా ధర కడతాయి. అందుకని వెళ్లేది ఒక సంస్థలో, వచ్చేది మరో సంస్థలో కొన్నా నష్టం ఉండదు. కౌలాలంపూర్‌లో దిగి, అక్కడి నుంచి పినాంగ్ వెళ్లి, పినాంగ్ నుంచే చెన్నైకి తిరిగి రావచ్చేమో చూడండి. వెనక్కి రావాల్సిన బస్సు ఖర్చు, ఒక రోజు మిగులుతాయి. సామాను, భోజనం కలిపి ఇచ్చే సంస్థల్లో మాత్రం రానుపోను కలిపి కొంటేనే సాధారణంగా తక్కువ. సింగపూర్‌కు చవక టికెట్టు దొరికింది, అక్కడి నుంచి బస్సులో మలేషియా వెళ్దామనుకునేవాళ్లు ఒక్క విషయం గమనించాలి. సింగపూర్‌లో అడుగుపెట్టడానికి భారతీయులకు వీసా కావాలి. ఆ రుసుము, దానికి పట్టే రోజులు లెక్కలో వేసుకున్నాక కూడా లాభం ఉంటేనే ఆ దారి పట్టండి.

రెండు వేర్వేరు టికెట్లను మీరే కలుపుకుని ప్రయాణించేటప్పుడు జాగ్రత్త మరింత అవసరం. ఉదాహరణకు హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ ఒక టికెట్టు, అక్కడి నుంచి బాలికి ఇంకో టికెట్టు విడిగా కొన్నారనుకుందాం. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు ఏ బాధ్యతా లేదు. సామాను కూడా మీరే తీసుకుని, ఇమిగ్రేషన్ దాటి, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. కౌలాలంపూర్ అంతర్జాతీయ విమానాశ్రయంలో రెండు టెర్మినళ్లున్నాయి. మలేషియా ఎయిర్‌లైన్స్ ఒకటో టెర్మినల్‌లో, ఎయిర్ ఏషియా 2014లో తెరిచిన రెండో టెర్మినల్‌లో నడుస్తాయి. వాటి మధ్య రైలులో మూడు నిమిషాలే అయినా, క్యూలు కలుపుకుంటే సమయం ఇట్టే కరిగిపోతుంది. మధ్యలో కనీసం ఐదారు గంటలు పెట్టుకోండి. దేశీయ విమానం ఎక్కేవాళ్లు టికెట్టు మీద విమానాశ్రయం పేరు కూడా చదవాలి. కొన్ని చిన్న విమానాలు ఊరికి దగ్గరలోని పాత సుబాంగ్ విమానాశ్రయం నుంచి బయల్దేరతాయి.

సమయాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. మన వైపు నుంచి వెళ్లే సర్వీసులు చాలావరకు అర్ధరాత్రి అటూ ఇటూగా ఉంటాయి. టికెట్టు మీద 15వ తేదీ 00:25 అని ఉంటే 14వ తేదీ రాత్రి తొమ్మిదికే విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి వెళ్తే అప్పటికి విమానం వెళ్లి ఒక రోజవుతుంది. మలేషియా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అందువల్ల అర్ధరాత్రి బయల్దేరితే అక్కడ దిగేసరికి ఉదయం ఏడు కావస్తుంది, హోటళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు మూడు గంటలకు. అంతకంటే ఖర్చుతో కూడుకున్నది అర్ధరాత్రి దాటాక అక్కడ దిగడం. విమానాశ్రయం ఊరికి యాభై కిలోమీటర్ల పైన దూరంలో, సెపాంగ్‌లో ఉంది. కేఎల్ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో ఊళ్లోని కేఎల్ సెంట్రల్ స్టేషన్‌కు చేరుస్తుంది, మనిషికి 55 రింగిట్లు. బస్సు గంటకు పైగా తీసుకుంటుంది కానీ ఖర్చు అందులో నాలుగో వంతు దగ్గరే. రైలు రాత్రంతా ఉండదు, ఒంటి గంటన్నరకు దిగినవాళ్లకు క్యాబే దిక్కు కావచ్చు. నలుగురుంటే గ్రాబ్ యాప్‌లో కారు పట్టుకోవడం రైలు కంటే తక్కువకే వస్తుంది, ఒంటరి మనిషికి బస్సే మేలు. మీ కాగితం మీద ఈ గడి కూడా నింపాక రెండు టికెట్లను పోల్చండి.

ఇప్పుడు మన తెలుగువాళ్లను ప్రత్యేకంగా ఇబ్బంది పెట్టే విషయం, పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, దాన్ని పొడి అక్షరాల్లో రాస్తాం, ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా ఉంటుంది. టికెట్టుకు పనికొచ్చేది పాస్‌పోర్టులో ఉన్నది మాత్రమే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో అదే టికెట్టులో లాస్ట్ నేమ్, రెండో గడిలో ఉన్నదంతా ఫస్ట్ నేమ్. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే టికెట్టులోనూ పూర్తిగా రాయాలి, పొడి అక్షరం సరిపోదు. పాత పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్లు ఏం రాయాలన్నది ఒక్కో సంస్థ ఒక్కోలా చెబుతుంది. కొనే ముందే ఆ సంస్థ సహాయ పేజీ చదివి అలాగే నింపండి. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు నింపితే తప్పులు రావు. మన దేశపు సంస్థల వెబ్‌సైట్లలో నేరుగా కొన్న టికెట్టులో అక్షరదోషాన్ని 24 గంటల్లోపు చెబితే రుసుము లేకుండా సరిచేయాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. అందుకే టికెట్టు మెయిల్‌కు రాగానే, ఆ రాత్రే, అక్షరం అక్షరం చదవండి. పాస్‌పోర్టు గడువు కూడా చూడండి. మలేషియాలో దిగే రోజు నాటికి కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి.

డబ్బు కట్టేటప్పుడు ధర ఏ కరెన్సీలో ఉందో చూడండి. రింగిట్లలో కడితే చాలా కార్డులు 2 నుంచి 3.5 శాతం దాకా మార్పిడి రుసుము, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. విమాన సంస్థ భారతీయ పేజీలో రూపాయల్లో కట్టే వీలుంటే సాధారణంగా అదే మేలు. కార్డులో విదేశీ లావాదేవీలు ఆపి ఉంటాయి, బ్యాంకు యాప్‌లో ముందే తెరిచి పెట్టుకోండి, లేకపోతే చివరి క్షణంలో చెల్లింపు ఆగి ధర మారిపోతుంది. బీమా, ముందు వరుస సీటు, కారు అద్దె లాంటివి ముందే టిక్ పెట్టి ఉన్నాయేమో చూసి అక్కర్లేనివి తీసేయండి.

ఏజెంటు ద్వారా కొనాలా, నేరుగానా అంటే, తేడా కొద్దిగా ఉన్నప్పుడు నేరుగా కొనమనే చెబుతాను. సమయాలు మారినా, రద్దయినా విమాన సంస్థతో నేరుగా మాట్లాడే వీలుంటుంది. ఆన్‌లైన్‌లో అలవాటు లేని పెద్దవాళ్లకు ఊళ్లో నమ్మకమైన ఏజెంటు ఉండటం మంచిదే. అలాంటప్పుడు బుకింగులో ఫోన్ నంబరు, మెయిల్ మీవే పెట్టమనండి. విమానం సమయం మారితే కబురు మీకే రావాలి. టికెట్టు చేతికి రాగానే విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి బుకింగు నిజంగా ఉందో లేదో చూడండి. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో సగం ధరకు టికెట్లు ఇస్తామనేవాళ్ల జోలికి వెళ్లకండి. దొంగిలించిన కార్డులతో కొన్న టికెట్లు ప్రయాణం రోజుకు రద్దయిపోయే ప్రమాదం ఉంది. కస్టమర్ కేర్ నంబరు కూడా విమాన సంస్థ పేజీ నుంచే తీసుకోవాలి. వెతికితే మొదట వచ్చే నంబర్లలో నకిలీవి ఉంటాయి. విమానం, హోటల్ కలిపి విదేశీ ప్యాకేజీగా కొంటే టీసీఎస్ అనే ముందస్తు పన్ను కూడా వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ చేతిలో నుంచి ముందుగా కట్టాల్సిందే కాబట్టి బడ్జెట్‌లో వేసుకోండి. విమాన టికెట్టు ఒక్కటే కొంటే అది ఉండదు.

వీసా లేదు కదా అని వెళ్లే టికెట్టు ఒక్కటే కొనుక్కుని బయల్దేరవద్దు. తిరుగు టికెట్టు, ఉండే చోటు వివరాలు, ఖర్చుకు డబ్బు ఉన్నాయా అని ఇమిగ్రేషన్‌లో అడగవచ్చు. తిరుగు టికెట్టు లేకపోతే ఇక్కడి కౌంటర్‌లోనే ఆపేయవచ్చు. కొనే ముందు వీసా సడలింపు మీ తారీఖులకు వర్తిస్తుందో లేదో మలేషియా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి చూడండి. దిగడానికి మూడు రోజుల లోపు మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. పిల్లలకు కూడా విడిగా నింపాలి. అక్కడి ఇమిగ్రేషన్ శాఖ పేజీలో అది ఉచితం. డబ్బు అడిగే పేజీ కనిపిస్తే అది అసలైనది కాదు, మూసేయండి.

ప్రయాణం ఆగిపోతే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే చవక టికెట్టులో వాపసు తక్కువ. టికెట్టు ధర తిరిగి రాకపోయినా, ఎగరని ప్రయాణం మీద కట్టిన విమానాశ్రయ రుసుములు, పన్నులు వేరు. మన దేశపు సంస్థలు వాటిని వాపసు ఇవ్వాలని డీజీసీఏ నిబంధన. విదేశీ సంస్థల్లో వాళ్ల దేశ నిబంధనలు చూడాలి. మలేషియాలో 2024 సెప్టెంబర్ 2 నుంచి, విమానం ఐదు గంటలు లేదా అంతకు మించి ఆలస్యమైతే, ఆ ప్రయాణం వద్దనుకున్నవాళ్లు డబ్బు వాపసు కోరవచ్చు. ఈ వాపసులు చాలావరకు అడిగినవాళ్లకే వస్తాయి. వెళ్లలేకపోయిన రోజే, పీఎన్ఆర్ చేతిలో ఉండగానే, విమాన సంస్థ పేజీలో దరఖాస్తు పెట్టి, వచ్చిన నంబరును టికెట్టు పక్కనే రాసి ఉంచండి.